మా ఆయన రివిట్లు కొట్టిన విమానం

నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి శ్రావణి రాస్తున్నది. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్న పిల్ల. నా ప్రయాణం మొదలైంది కూడా ఆమె ఫోనులోని ఒక ఫోటో వల్లనే.

ఆదివారం సాయంత్రం చేవెళ్లలో మా ఇంటి ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. శ్రావణి పక్కన కూర్చుని దోస్తులతో దిగిన ఫోటోలు చూపిస్తున్నది. ఒకదాంట్లో ఆడపిల్లల వెనక సన్నటి బూడిదరంగు విమానం ఇనుప కాళ్ల మీద నిలబడి ఉంది. ముక్కు కింద గుండ్రటి గాజు. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"గిది మీ కాలేజీల ఎందుకున్నదే?"

"పాతదవ్వా. లోపల మనిషి ఉండడు. జోరుగ పోయి దుష్మన్‌గాళ్ల జాగల ఫోటోలు తీసుకొస్తదట. నమూనా చేసిన్రు గని మల్ల తయారు చెయ్యలే. మాకు పాఠాలకని ఇచ్చిన్రు. గిప్పుడు ఆడ కొత్త బిల్డింగ్ కడుతున్నరు. వచ్చే సోమవారం లారీల ఎక్కిస్తరు."

"యాడికి?"

"తుక్కుకే పోతదంటున్నరు."

ఆ విమానం రేకులను కలిపి బిగించే రివిట్లు కొట్టినవాళ్లలో మా ఆయన సత్తయ్య ఒకడు. పట్నంలో సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ ఏం చేస్తున్నాడో ఇంట్లో చెప్పకూడదు. ఆయన చెప్పలేదు. ఒక్క ఆయుధపూజ నాడు మాత్రం ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేవారు. మా పెద్దబిడ్డ రెండో తరగతిలో ఉన్న ఏడు నేను పోయాను. విమానం చక్రాల బండి మీద నా భుజమంత ఎత్తున ఉంది. రంగు మీద కుంకుమ పెట్టొద్దు, మరక పడుతుంది అని మా ఆయన ముందే హెచ్చరించాడు. మరి బొట్టు లేకుండా పూజ ఏమిటి? వంగి చూస్తే ముక్కు కింద గాజు కనిపించింది. ఇంట్లో అద్దానికి పెట్టిన బొట్టు తుడిస్తే పోతుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. బాగా జోరుగా పోయే బండి అన్నారు గనుక, గాలికి రాలిపోకుండా కుంకుమను కొబ్బరినూనెతో తడిపి మరీ అద్దాను.

అది కెమెరా కన్ను అని నాకు తెలియదు.

పండుగ అయిన వారానికి విమానం ఎగిరింది. ఫోటోల నడుమ మబ్బులాంటి మరక తప్ప ఏమీ రాలేదు. గాజు మీద కుంకుమ దొరికింది. ఎవరు పెట్టారని విచారణ చేస్తే మా ఆయన "నేనే" అన్నాడు. ఆయనను అక్కడి నుంచి తీసి స్టూళ్లు, నిచ్చెనలు చేసే షెడ్డులో వేశారు. రిటైరయ్యే దాకా అదే షెడ్డు. కొన్నాళ్లకు విమానం పని కూడా ఆగిపోయిందని తెలిసింది. "మల్ల గా ముచ్చట ఎత్తకు" అన్నాడు నాతో.

పని ఎందుకు మారిందని అత్తగారి వైపు వాళ్లు అడిగితే, బొట్టు తానే పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. వాళ్లకు ఇదొక నవ్వులాట అయింది. ఏ పెళ్లిలో కలిసినా, సత్తయ్య బొట్టు పెడితే సర్కారు విమానం గుడ్డిదైంది అని నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. నేను వడ్డిస్తూ ఉండేదాన్ని. నిరుడు ఆయన పోయాడు. పదో దినం నాడు మా ఆడబిడ్డ యాదమ్మ ఆ ముచ్చటే చెప్పి, ఏడ్చేవాళ్లను కూడా నవ్వించింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

నా ఒక్క బొట్టు వల్లనే ఆ విమానం మూలకు పడిందా? అంతమంది ఏండ్లకేండ్లు చేసిన పని నా చేతి మీదుగా చెడిపోయిందా? అది తుక్కుకు పోకముందే అడగాలి అనిపించింది. అడగడానికి మనిషి కూడా ఉన్నాడు. ఆ రోజుల్లో చిన్న ఇంజనీరుగా ఉన్న వేణు సారు రిటైరై ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని శ్రావణి మాటల్లో తెలిసింది. గురువారం పోదామని నిశ్చయించుకున్నాను.

బుధవారం శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు నుంచి యాదమ్మ దిగింది. "మా అన్న చేసిన ఇమానాన్ని నేను సూడొద్దా?" అని తనూ బయల్దేరింది. రావద్దనడానికి నేను చెప్పుకోగల కారణం లేదు.

గురువారం ఏడున్నరకు చేవెళ్ల బస్టాండు చేరాం. మెహిదీపట్నం పోయే బస్సులు మొయినాబాద్ మీదుగానే పోతాయి, తరచుగా ఉంటాయి. ఎనిమిది దాటితే మాత్రం కాలేజీ పిల్లలతో కాలు పెట్టే జాగా దొరకదు. పోయేవాళ్లు ఏడున్నరకే ఎక్కండి. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోవద్దు. అది చూపిస్తే పైసలు లేకుండా జీరో టికెట్ ఇస్తారు.

కండక్టరమ్మ నా కార్డు చూసి, నా మొహం చూసి, మళ్లీ కార్డు చూసింది.

"గీ ఫోటోల ఉన్నది నువ్వేనా అవ్వా?"

"ఆమెనే," అంది యాదమ్మ. "అప్పుడు జర తిని ఉండె."

"ఇప్పుడు తింటలేదా?"

"ఇప్పుడు నన్ను తింటున్నది."

కండక్టరమ్మ నవ్వి రెండు జీరో టికెట్లు చింపింది. మా పక్క సీటులో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బంతిపూల సంచులు తీసుకుపోతున్న ఒక ఆమె కూర్చుంది. కాళ్లకింద ఒకటి, ఒళ్లో ఒకటి. ఎక్కడికని అడిగింది. విమానం చూడటానికి అన్నాను.

"ఇమానాలు శంషాబాద్‌ల గదా ఉండేది? గీ బస్సు అటు పోదక్కా. దిగున్రి, దిగున్రి."

"గది ఎగిరే ఇమానం కాదు," అని యాదమ్మ అటు తిరిగింది. "మా అన్న బొట్టు పెట్టి గుడ్డిదాన్ని చేసిన ఇమానం." ఇక మొదటి నుంచి ఎత్తుకుంది. పూజ, కుంకుమ, మబ్బు పట్టిన ఫోటోలు, స్టూళ్ల షెడ్డు. పూలామె సంచి మీద తల పెట్టి నవ్వింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "పాపం, దేవునికి పెట్టినట్టే పెట్టిండు గదా, ఆయన తప్పేమున్నది?" అన్నాడు. యాదమ్మ, "తప్పేం లేదు బాపూ, తెలివి లేదు, అంతే," అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదింబావుకు మొయినాబాద్‌లో దిగాం. బస్టాపు ఎదురుగా ఉన్న బండి మీద ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మెత్తగా ఉంది, పల్లి చట్నీ నీళ్లు. చాయ్ బాగుంది. చౌరస్తా నుంచి కాలేజీ నాలుగైదు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఆటో అతను ఎనభై కిరాయి అడిగి అరవైకి వచ్చాడు. దారి పొడుగునా పొడుగు గోడలు, ఫంక్షన్ హాళ్లు, తాళం వేసిన ఫామ్‌హౌసులు. నడుమ నడుమ మిగిలిన పొలం చెక్కల్లో పాలకూర, కొత్తిమీర కనిపించాయి.

తొమ్మిదికి గేటు దగ్గర ఆపారు. వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవలను కలవాలె?"

"ఇమానాన్ని," అంది యాదమ్మ.

"గది మాట్లాడదవ్వా. మనిషి పేరు చెప్పున్రి."

శ్రావణి క్లాసు నుంచి వచ్చి మా ఇద్దరి పేర్లు రాసి లోపలికి తీసుకుపోయింది. వర్క్‌షాపు వెనక, సిమెంటు బస్తాలు పేర్చిన చోట, అది ఉంది.

నా కండ్లలో ఉన్నదానికంటే చిన్నది. రెండు ఆటోలు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత పొడుగు. రెక్కలు పొట్టివి, వెనక్కి వంగి ఉన్నాయి. వెనక ఇంజనుండే తొర్రలో గుడ్డపీలికలు కుక్కారు. పైన రంగు పెచ్చులు లేచింది. రెక్క మీద ఎవరివో రెండు టిఫిన్ డబ్బాలు, ఒక హెల్మెట్. కాళ్ల దగ్గర బోర్డు ఉంటే శ్రావణి చదివి చెప్పింది. వేగంగా పోయి ఫోటోలు తీసే మనిషి లేని విమానం, నమూనా, ఉత్పత్తి జరగలేదు అని. చేసినవాళ్ల పేర్లు ఏమీ లేవు.

"ఎంత జోరుగ పోతదే?" అని అడిగాను.

"మీరు పొద్దుగాల చేవెళ్ల నుంచి వచ్చిన్రు గదా. గా దారంత దీనికి రెండు నిమిషాలు కూడ పట్టదవ్వా."

యాదమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "గింతేనా? మా అన్న గింత డొప్ప కోసమా పండుగలకు కూడ ఇంటికి రాకుండె?" అంది. తర్వాత టిఫిన్ డబ్బాలు, హెల్మెట్ తీసి కింద బస్తాల మీద పెట్టింది. కొంగుతో రెక్క తుడవడం మొదలుపెట్టింది.

వేణు సారుకు పదకొండు దాకా క్లాసు ఉంది. అంతసేపూ అక్కడే నీడకు కూర్చుని, తెచ్చుకున్న జొన్నరొట్టెలు, గోకరకాయ కూర తిన్నాం. పదకొండు దాటాక యాదమ్మ కాళ్లు చేతులు కడుక్కుంటానని శ్రావణిని వెంటబెట్టుకుని పోయింది. వాళ్లు అటు పోగానే సారు ఇటు వచ్చాడు. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడుస్తున్నాడు. ఎన్నడో చూసిన మనిషి. కండ్లద్దాల వెనక ఆ కండ్లే గుర్తుపట్టాను.

"సారు, నేను సత్తయ్య భార్యను."

ఆయన చేతిలోని పుస్తకాలను రెక్క మీద పెట్టబోయి, పెట్టకుండా చంకలోకి మార్చుకున్నాడు.

"సత్తయ్యన్న మంచిగున్నడా?"

"నిరుడు పోయిండు."

యాదమ్మ వచ్చేలోపల అడగాలని నాకు తొందరగా ఉంది.

"ఒక్క మాట అడిగిపోదామని వచ్చిన సారు. గా బొట్టు మా ఆయన పెట్టలే. నేను పెట్టిన. దాంతోనేనా గిది ఆగిపోయింది?"

"నాకు తెలుసమ్మా, మీరే పెట్టిన్రని," అన్నాడు. "మీరు వంగి పెడుతుంటే నేను ఆడనే ఉన్న. పచ్చ చీర కట్టుకొని ఉంటిరి. తర్వాత తుడుద్దాం లే అనుకున్న. ఎగిరే ముందు గాజు తుడిసి, తుడిసినట్టు కాయితం మీద సంతకం పెట్టుడు నా పని. గా పొద్దు తొందరల సంతకం పెట్టిన. తుడవలే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే మళ్లీ చెప్పాడు.

"విచారణల సత్తయ్యన్న ఏమన్నడంటే, సారు తుడిసిండు, తుడిసినంక నేనే మల్ల పెట్టిన అన్నడు. నేను పక్కనే నిలబడి ఉన్న. అబద్ధమని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నేను నోరు మూసుకున్న."

మా ఆయన నన్ను ఒక్కదాన్నే కాపాడాడని ఇన్నేండ్లు అనుకున్నాను. ఈయనను కూడా కాపాడాడట. ఇంట్లో ఆ సంగతి ఒక్కనాడు చెప్పలేదు.

"మరి ఇమానం?"

"దానికి, బొట్టుకు ఏం సంబంధం లేదమ్మా. గాజు తుడిసి మల్ల ఎగిరేసినం. చాలాసార్లు ఎగిరింది. ఫోటోలు మంచిగ వచ్చినయ్. రెండేండ్ల తర్వాత ఇంజన్ల కాడ ఆగింది. బయటి దేశం నుంచి రావాల్సినయి రాలే. అంతల చిన్నయి, చవకయి వచ్చినయ్. ఇంత జోరు బండి ఇంకెందుకన్నరు. గంతే."

బస్తా మీద కూర్చున్నాను. గుండె మీది బరువు దిగిందని చెబుతారు కదా, అటువంటిదేమీ కాదు. ముందు కోపం వచ్చింది. విమానం రెండేండ్లు ఎగిరిందట. ఆ రెండేండ్లు మా ఆయన దాని ముఖం చూడకుండా స్టూళ్లకు కాళ్లు బిగించాడు. నా వల్ల ఆగింది విమానం కాదు, మా ఆయన పని.

"మరి ఒక్కనాడన్న ఇంటికొచ్చి గీ మాట చెప్పొద్దా సారు?"

"చెప్తనని గా షెడ్డుకు రెండుసార్లు పోయిన. వద్దన్నడు. నీ నౌకరి కొత్తది, పోతే మల్ల దొరకది, నాకు షెడ్డు మారింది, అంతే గదా అన్నడు. నాకు గదే మంచిగనిపిచ్చింది. భయమమ్మా. తర్వాత తర్వాత సిగ్గు."

ఆయన అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఇంకా నాలుగు మాటలు అనాలని నోటి దాకా వచ్చింది. పదో దినం నాడు అందరి నడుమ ఊరుకున్నదాన్ని నేను, ఈయనను ఏమని తిడతాను?

"మా ఆడబిడ్డ కూడ వచ్చింది సారు. ఆమెకు గీ సంగతి తెల్వదు."

"ఆమెకు నన్ను చెప్పమంటరా?"

"వద్దు సారు. గది నేను చెప్పుకోవాలె."

ఎడమ రెక్క మొదట్లో ఉన్న రేకులు చూపించి, ఇవన్నీ సత్తయ్యన్న కొట్టినవే అన్నాడు. రివిట్టు తల వెంట్రుకంత పైకి లేచినా ఆ జోరుకు గాలి అక్కడ కొట్టుకుంటుందట. కొలిచే మిషన్లు ఉన్నా మా ఆయన కండ్లు మూసుకుని, గోటితో ఈ చివరి నుంచి ఆ చివరికి గీసుకుంటూ పోయేవాడట. గోరు తట్టుకున్న చోట మళ్లీ తీసి కొట్టేవాడట. ఇంట్లో కొత్త గిన్నె కొన్నా అంచుల చుట్టూ గోరు తిప్పి చూసేవాడు. అది ఆయన పిచ్చి అనుకునేదాన్ని.

నేనూ కండ్లు మూసుకుని గోటితో గీశాను. రంగు పొడి వేలికి అంటింది. ఎండకు రేకు వెచ్చగా ఉంది. ఒక వరస అయింది, రెండో వరస అయింది. ఎక్కడా తట్టలేదు. మూడో దాంట్లో గోరు ఆగింది.

"గిక్కడ తట్టింది సారు."

ఆయన వంగి చూశాడు. "గది తర్వాత వేసిన అతుకమ్మా. సత్తయ్యన్నది కాదు."

అప్పుడు ఏడుపు వచ్చింది. యాదమ్మ తడికాళ్లతో వచ్చి నన్ను చూసి, "ఏడువకు వదినె. పాతదైతే తుక్కుకు పోదా?" అని నా వీపు నిమిరింది. సారు ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఒంటిగంటన్నరకు బయటపడ్డాం. ఆ వేళ కాలేజీ గేటు దగ్గర ఆటోలు ఉండవు. అరగంట ఎండలో నిలబడ్డాం. వచ్చేవాళ్లు తమను దింపిన ఆటో అతని నంబరు తీసుకోవడం మేలు. రెండున్నరకు మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సు దొరికింది. ఖాళీగా ఉంది. ఇద్దరికీ వెనక సీటు దొరికింది. టికెట్లు తీసుకున్నాక, ఇంక ఎవరూ మమ్మల్ని అడిగేది లేదని చూసుకుని చెప్పాను.

"యాదమ్మ, గా బొట్టు మీ అన్న పెట్టలే. నేను పెట్టిన."

ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది. "నువ్వా?"

"నేనే. నూనెతోని తడిపి పెట్టిన. ఆయన తప్పును తన మీద వేసుకున్నడు." సారు సంగతి, సంతకం సంగతి, విమానం ఎందుకు ఆగిందన్న సంగతి, అన్నీ వరసగా చెప్పాను. బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరు ఎక్కారో నాకు తెలియదు.

"అయితే పొద్దుగాల బస్సుల నేను చెప్తుంటే విన్నవ్," అంది.

"విన్న."

"పదో దినం నాడు గూడ విన్నవ్."

"విన్న."

"మా అన్నను తెలివిలేనోడంటి గదనే. ఆయన బొమ్మ ముంగట నిలబడి అంటి. నువ్వు అన్నం వడ్డిస్తనే ఉన్నవ్."

ఆమె లేచి ముందు సీటుకు పోయి, ఒక్కతే కూర్చుంది. చేవెళ్ల దాకా వెనక్కి తిరగలేదు.

పోయి చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇది. విమానం ఏమంత గొప్పగా కనిపించదు. సోమవారం దాటితే అసలు ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం దూరం నుంచి ఫోటో తీసుకుని రాకండి. దగ్గరికి పోయి ఎడమ రెక్క మీద గోటితో గీసి చూడండి. మొదటి రెండు వరసలు. అవి కొట్టిన మనిషి పేరు సత్తయ్య. బోర్డు మీద లేదు గనుక ఇక్కడ రాయిస్తున్నాను. కుంకుమ పెట్టింది ఆయన కాదని కూడా రాయిస్తున్నాను.

మూడుంబావుకు చేవెళ్ల బస్టాండులో దిగాం. శంకర్‌పల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ప్రొద్దుటూరుకు పోవాలంటే అదే. యాదమ్మ నాకు పోయొస్తానని కూడా చెప్పకుండా ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. మా ఇంటికి అక్కడి నుంచి పది నిమిషాల నడక. నేను నడవలేదు, కిందనే నిలబడ్డాను. డ్రైవరు ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. సంచులతో వచ్చిన ఒక ఆమె యాదమ్మ పక్క సీటులో కూర్చోబోయింది. యాదమ్మ తన సంచి తీసి ఆ సీటు మీద పెట్టింది.

"లేదక్కా. మనిషున్నది."

తర్వాత కిటికీలోంచి నా వైపు చూసింది. "మా వోళ్లంత ఇంట్లనే ఉన్నరు. నేను చెప్తే నమ్మరు. నీ నోటితోనే చెప్పు. ఎక్కు."

ఎక్కాను.